నాలుగో చెక్‌ట్రే

మూడోసారి కూడా కోడ్ వెనక్కి వచ్చింది.

హైమ స్క్రీన్ వంక చూస్తూ కూర్చుంది. తిండి సరిగా తినకుండా, ఇంటికి సరిగా పోకుండా రాసిన కోడ్ అది. దాని కింద మస్తాన్ సార్ రాసిన జవాబు ఒకే ఒక్క ముక్క.

"ఇందులో చదవటం లేదు."

ఏది తప్పో రాయలేదు. ఎక్కడ మార్చాలో రాయలేదు. మొదటిసారి పంపినప్పుడు, "ఒక ఫైలు ముందర పెట్టుకుని పైకి చదివి చూడు" అని రాశాడు. రెండోసారి, "చదివావా?" అని అడిగాడు. ఇప్పుడు ఇది. హైమకు అరికాలి మంట నెత్తికెక్కింది. కుర్చీని వెనక్కి తన్ని లేచింది.

"చదవటం లేదంట! ఆయన రాసింది కళ్ళజోడు పెట్టుకుని కూడబలుక్కుంటా కూర్చుంటది. నాది రెప్పపాటులో చదివి పారేస్తది. ఏది చదవటం లేదో నోరు తెరిచి చెప్తే ముత్యాలు రాలతాయా?"

వినేవాళ్ళెవరూ లేరు. గోడ మీద ఫ్యాను తిరుగుతోంది, అంతే.

మొగలిదొరువు సముద్రానికి కూతవేటు దూరంలో ఉంటుంది. ఎటు చూసినా రొయ్యల గుంటలే. వాటి మధ్యలో రెండు గదుల ల్యాబ్, దానికి పెద్ద మస్తాన్ సార్. ఒకప్పుడు కాలేజీలో చేపల జబ్బుల గురించి పాఠాలు చెప్పినాయన. రిటైరయ్యాక ఇంట్లో కాళ్ళు చాపుకోకుండా ఇక్కడికొచ్చి కూర్చున్నాడు. రైతుకు గుంట మీద అనుమానం వస్తే నాలుగు రొయ్యల్ని ఐసులో పెట్టుకుని తెస్తాడు. వాటిని నెల్లూరు పంపితే అక్కడి యంత్రం వాటి ఒంట్లో ఉన్న జన్యువులను అక్షరాలుగా మార్చి ఫైలు చేసి పంపుతుంది. ఆ ఫైలును చదివి, అందులో జబ్బు క్రిమి గుర్తు ఉందో లేదో వెతికి పెట్టడానికి సార్ జావాస్క్రిప్ట్‌లో ఒక లైబ్రరీ, అంటే చిన్న చిన్న ప్రోగ్రాముల కట్ట, రాసుకున్నాడు. దాని పేరు గొలుసు. బ్రౌజర్ తెరిచి ఫైలును లాగి అందులో పడేస్తే చాలు. ఏ సాఫ్ట్‌వేరూ కొనే పని లేదు, కోస్తా పొడుగునా చిన్నాచితకా ల్యాబులన్నీ దాన్నే వాడుకుంటున్నాయి.

ఆ ఫైళ్ళు చూడటానికి సాదాగా ఉంటాయి. మొదటి లైనులో బాణం ములుకులాంటి గుర్తు, దాని పక్కన నమూనా పేరు. ఆ కింద లైన్లకు లైన్లు అక్షరాలు. ఏ, సీ, జీ, టీ. ఆ నాలుగే. యంత్రం చదవలేకపోయిన చోట మాత్రం ఎన్ అని రాస్తుంది.

గొలుసులో చెయ్యి పెట్టాలంటే సార్ దగ్గర ఒక ఆచారం ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఒక ఫైలు ముందర పెట్టుకుని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఆయనకు వినబడేట్టు చదవాలి, బళ్ళో పిల్లలు ఎక్కాలు అప్పజెప్పినట్టు. ఎన్ వచ్చిన చోట ఎన్ అనకూడదు. "తెలీదు" అనాలి. ఒకదాని వెనక ఒకటి ఎన్ని వస్తే అన్నిసార్లూ అనాలి. ఒక్కటి మింగినా ఆయన వేలెత్తుతాడు, ఆ లైను మళ్ళీ మొదటికొస్తుంది. చాలామంది ఆ చదువుకే దండం పెట్టి బస్సెక్కారు.

హైమ కూడా వచ్చిన కొత్తలో కూర్చుంది. అర పేజీ చదివేసరికి నవ్వొచ్చింది. "సార్, కంప్యూటర్ చేసే పని మనిషి చెయ్యడం ఎందుకు?" అంది. సార్‌కు ఆ రోజు జ్వరం. "రేపు చదువుదువులే" అన్నాడు. ఆ రేపు రాలేదు. ఈలోపల ఆ పిల్ల చేతివేగం చూశాడు. మూడు నెలలుగా ఎవరికీ కొరుకుడుపడని తప్పును ఒక మధ్యాహ్నం పూట పట్టేసింది. ముచ్చటపడ్డాడు. ఆచారం అటకెక్కింది.

హైమకు తన మీద తనకు నమ్మకం మెండు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. సార్ రాసిన పాత చదువరిని, అంటే గొలుసులో ఫైలును చదివే భాగాన్ని, చూస్తే ఆమెకు ఒళ్ళు మండేది. అది ఒక్కో అక్షరం దగ్గరా ఆగి, తడిమి, ఎక్కడ ఉందో గుర్తుపెట్టుకుని కదులుతుంది. నత్తకు తోబుట్టువు. దాని స్థానంలో పెట్టడానికే ఈ కొత్తది రాసింది. అందులో ఆమెకు ప్రాణమైన లైను ఒకటుంది. ఆ నాలుగక్షరాలు కానిదంతా, అంటే ఖాళీలు, అంకెలు, లైను చివర గుర్తులు, ఎన్‌లు, మొత్తం చెత్తనంతా ఒక్క ఊపున ఊడ్చిపారేసే లైను. అది రాసిన రోజు తనకు తానే సెంటర్లో కాఫీ ఇప్పించుకుంది.

అలాంటిదాన్ని మూడుసార్లు తిప్పి కొట్టాడు ముసలాయన.

సరిగ్గా ఆ కోపంలో ఉండగా నెల్లూరు నుంచి పెంచలయ్య గుంట ఫైలు వచ్చింది.

పెంచలయ్యది ఒకటే గుంట. పక్క ఊళ్ళో తెల్లమచ్చ జబ్బులో కొత్త రకం ఒకటి తిరుగుతోందని, అది మామూలు పరీక్షకు దొరకడం లేదని వినబడుతోంది. అది తగిలిన గుంటలో రొయ్య వారం తిరక్కుండా చచ్చి తేలిపోతుంది. ఉందని ముందే తెలిస్తే చిన్న సైజైనా సరే వెంటనే పట్టేసి అమ్ముకోవచ్చు, పెట్టుబడైనా దక్కుతుంది. లేదని తెలిస్తే ఇంకొన్నాళ్ళు పెంచి మంచి ధరకు అమ్ముకోవచ్చు. ఏదో ఒకటి ఈ పూట తేలాలి. ఎందుకైనా మంచిదని అతను ఐసు బండిని కూడా మాట్లాడుకున్నాడు. అది గుంట దగ్గరే ఎదురుచూస్తోంది. అప్పటికి పొద్దున్నుంచి నాలుగుసార్లు ఫోన్ చేశాడు.

హైమ ముందు పాత చదువరిలో వేసింది. అది నింపాదిగా నడిచి నడిచి, చివరికి ఎప్పటిలాగే చేతులెత్తేసింది.

"గుర్తు ఉండవలసిన చోట చదవలేదు. చెప్పలేను."

"చెప్పలేదంట! ఇంతసేపు కూర్చుని చెప్పలేదంట!" అని పళ్ళు కొరికింది.

తరవాత తన కోడ్‌లో వేసింది. కీ మీద వేలు ఎత్తేలోపల జవాబొచ్చింది.

"జబ్బు గుర్తు లేదు."

పెంచలయ్య మళ్ళీ ఫోన్ చేశాడు. మస్తాన్ సార్ పక్క గదిలో లేడు, నమాజుకు వెళ్ళాడు. ఆయన సరే అనకుండా ఏ రైతుకూ ఏ జవాబూ చెప్పకూడదన్నది ఆ ల్యాబ్‌లో రూలు. హైమ ఫోన్ వంక చూసింది, స్క్రీన్ వంక చూసింది. "ఇందులో చదవటం లేదు" అన్న ముక్క ఇంకా అక్కడే వెక్కిరిస్తోంది.

ఫోన్ ఎత్తింది.

"లేదన్నా. జబ్బు లేదు. నిబ్బరంగా ఉండు."

అవతల పెంచలయ్య "చల్లగా ఉండు తల్లీ" అన్నాడు. ఆ మాటతో హైమ కోపం సగం చల్లారింది. మిగతా సగాన్ని సార్ కోసం జాగ్రత్తగా దాచిపెట్టుకుంది.

ఆయన వచ్చి చెప్పులు విప్పుతుండగానే ఎదురెళ్ళింది.

"పెంచలయ్యన్నకు చెప్పేశాను సార్. లేదని. మీదేమో చెప్పలేనని చేతులెత్తేసింది. నాది చెప్పింది. రైతుకు కావాల్సింది జవాబు సార్, నసుగుడు కాదు."

మస్తాన్ సార్ ఒక చెప్పు విప్పి, రెండోదాని మీద చెయ్యి పెట్టి అలాగే ఆగిపోయాడు.

"బండి?"

"ఏ బండి?"

"ఐసు బండి. ఎనక్కి పంపించాడా?"

"పంపించే ఉంటాడు. లేదన్నాక ఎందుకు సార్ అది?"

ఆయన ముఖం ఎర్రబడటం హైమ అంతకుముందెప్పుడూ చూడలేదు. అరుస్తాడనుకుంది. అరిస్తే తిరిగి అరవడానికి ఆమె దగ్గర సరంజామా సిద్ధంగా ఉంది. ఆయన అరవలేదు. విప్పిన చెప్పు మళ్ళీ తొడుక్కుని, స్కూటర్ తాళం తీసుకున్నాడు.

"ఎక్కు" అన్నాడు.

దారి పొడుగునా ఒక్క మాట లేదు. ఎండ మాడు పగలగొడుతోంది, సముద్రం వైపు నుంచి ఉప్పుగాలి ముఖాన కొడుతోంది. వెనక సీట్లో హైమ ఉడికిపోతోంది. తిట్టేదుంటే తిట్టొచ్చు కదా. అడిగేదుంటే అడగొచ్చు కదా. ఈ మౌనం ఏమిటి, మునీశ్వరుడిలాగా? మాటలు రానివాడైతే సరే. మాటలొచ్చి కూడా దాచుకునేవాడిని ఏమనాలి? నిజానికి, ఆ పిల్ల కోపంలో కొంత న్యాయం లేకపోలేదు. పెద్దవాళ్ళ మౌనం బయటినుంచి చూసేవాళ్ళకు గంభీరంగా ఉంటుంది గానీ, దాని కింద నలిగేవాళ్ళకు అది తన్ను లాంటిదే.

గుంట గట్టు మీద పెంచలయ్య ఎదురొచ్చాడు. మనిషి ముఖం పండగలా ఉంది. రెండు కొబ్బరిబోండాలు కొట్టించి పెట్టాడు.

"రాండి సార్, రాండి. రామ్మా. పాప చల్లని మాట చెప్పింది సార్. మూడు రోజుల నుంచి కంటి మీద కునుకు లేదు నాకు. బండోడిని పొమ్మన్నా. వాడు ఏందేందో గొణుక్కుంటా పొయినాడు, పోనీ."

హైమ బోండాం అందుకుని సార్ వంక చూసింది. చూడు, అన్నట్టు చూసింది.

సార్ బోండాం ముట్టలేదు. గుంట వంక చూస్తున్నాడు. గాలి పట్టించే ఏరేటర్లు నీళ్ళను చిలుకుతున్నాయి.

"మేతేసి ఎంతసేపయింది, పెంచలయ్యా?"

"ఇప్పుడు చూసే టైమే సార్."

"అయితే చెక్‌ట్రేలు చూసొస్తాం. నువ్వు కూర్చో. హైమా, రా."

గుంటకు నాలుగు మూలలా నాలుగు చెక్‌ట్రేలు ఉంటాయి. పళ్ళెం అంత వల గుడ్డను చట్రానికి బిగించి, తాడు కట్టి నీళ్ళలోకి దింపుతారు. మేత చల్లినప్పుడు వాటిలోనూ గుప్పెడు వేస్తారు. కాసేపాగి పైకి లాగి చూస్తే రొయ్య తిన్నదో లేదో తెలుస్తుంది. ఖాళీగా ఉంటే ఆ పక్క రొయ్య ఆరోగ్యంగా ఉన్నట్టు. మేత మిగిలితే ఏదో కీడు వచ్చినట్టు. నీళ్ళ అడుగున ఏం జరుగుతోందో రైతుకు కనబడే కిటికీలు ఆ నాలుగే.

"లాగు" అన్నాడు సార్ మొదటి మూల దగ్గర.

హైమ లాగింది. వల మీద మేత గింజ లేదు. నాలుగు రొయ్యలు చిటపటమని ఎగిరాయి.

"ఖాళీ" అంది పుల్లవిరిచినట్టు.

రెండో మూల. ఖాళీ. మూడో మూల. అదీ ఖాళీ. ఒక్కో ట్రేకీ హైమ గొంతులో గర్వం ఒక మెట్టు ఎక్కుతోంది. రొయ్య శుభ్రంగా తింటోంది. తన కోడ్ చెప్పింది నిజం. గుంటే సాక్ష్యం చెబుతోంది. ఇంక ఈయన ఏమంటాడో చూద్దాం.

నాలుగో మూల దగ్గర గుంజకు తాడు వేలాడుతోంది. కొస తెగి ఉంది. ట్రే లేదు.

"ఇదేంది పెంచలయ్యన్నా, దీని తాడు తెగిపోయుంది!" అని హైమ కేకేసింది.

గట్టు మీది షెడ్డు దగ్గర నుంచే పెంచలయ్య చెయ్యి ఊపాడు. "పొద్దున తెగిందమ్మా! ట్రే అడుక్కి పొయింది. దిగి తీద్దామనే అనుకున్నా. ఇంతలో నువ్వు లేదని చెప్తివి గదా. రేపు తీస్తాలే, తొందరేముంది!"

సార్ తెగిన తాడును ఒకసారి వేళ్ళతో పట్టుకుని చూసి వదిలేశాడు. చేతులు దులుపుకున్నాడు.

"సరే. ఇప్పటికి మూడు చెక్‌ట్రేలు. మూడూ ఖాళీ. గుంటంతా బాగా తింటా ఉంది. పద, పోదాం."

వెనక్కి తిరిగి నాలుగడుగులు వేశాడు కూడా.

హైమకు చిర్రెత్తుకొచ్చింది. ఇంతసేపూ బిగబట్టుకున్న కోపమంతా ఒక్కసారి కట్ట తెంచుకుంది.

"మూడేంది సార్? నాలుగు! గుంటకు నాలుగు చెక్‌ట్రేలు. ఒకటి చూళ్ళేదు మనం!"

"కనబళ్ళేదు గదా. కనబడని దాన్ని లెక్కలోనుంచి తీసేశా. ఉన్నవన్నీ ఖాళీనే గదా."

"కనబడకపోతే తీసేస్తారా? ఆ మూల ఏముందో ఎవరికి తెలుసు? జబ్బంటూ ఉంటే ఆ మూలలోనే ఉండొచ్చు గదా! మూడు చూసి గుంటంతా బాగుందని ఎట్ట చెప్తారు సార్? పెంచలయ్యన్న బతుకు గదా ఇది! చూళ్ళేదు అంటే లేదని కాదు గదా! తెలీదని..."

అక్కడ ఆగిపోయింది.

మస్తాన్ సార్ తిరిగి చూడలేదు. నీళ్ళ వంక చూస్తూ నిలబడ్డాడు.

హైమ చేతిలో తెగిన తాడు కొస ఉంది. ఎప్పుడు పట్టుకుందో ఆమెకే తెలియదు. స్క్రీన్ మీద పెంచలయ్య ఫైలు కళ్ళముందు కదిలింది. పైనుంచి కిందికి వేలు జరిపేటప్పుడు చూసింది, మధ్యలో లైన్లకు లైన్లు ఎన్‌లు. చూసి, చెత్త అనుకుంది. తన లైను వాటిని ఊడ్చేసింది. ఊడ్చి, అటు ముక్కనూ ఇటు ముక్కనూ దగ్గరికి లాగి, మధ్యలో అసలేమీ లేనట్టు అతికేసింది. ఆ అతుకులో వెతికి, గుర్తు లేదు అన్నది. పాత నత్త మాత్రం సరిగ్గా అక్కడే ఆగి, చెప్పలేను అన్నది.

షెడ్డు వైపు చూసింది. పెంచలయ్య నులక మంచం మీద కాళ్ళు చాపుకుని, బోండాం తాగుతున్నాడు. మూడు రోజుల తరవాత మొదటిసారి నడుం వాల్చబోతున్న మనిషి.

"నువ్వే చెప్పాల" అన్నాడు సార్.

గట్టు మీద ఆ దూరం నడవడం హైమకు ప్రాణం పోయినంత పనయింది. పెంచలయ్య ముందు నిలబడి అతని ముఖం వంక చూడలేకపోయింది.

"అన్నా, నేను ఫోన్లో చెప్పింది తప్పు."

"ఏంది?"

"జబ్బు లేదని కాదన్నా. ఉందనీ కాదు. ఫైల్లో ఆ చోటు చదవడానికి రాలేదు. తెలీదు. తెలీకుండానే లేదని చెప్పా."

పెంచలయ్య బోండాం కింద పెట్టాడు. మెల్లగా లేచాడు. ఆ ముఖంలో పండగ ఒక్కో దీపమే ఆరిపోవడం హైమ చూసింది.

"తెలీదా? తెలీదని చెప్పేదానికా నీ కంప్యూటరు? నీ మాట మీద బండోడిని పంపించేస్తినే! లేదన్నావే! నిబ్బరంగా ఉండమన్నావే! ఆ మూడు ముక్కలు చెప్పేముందు నోరు రాలేదా నీకు, తెలీదని చెప్పేదానికి?"

హైమ తల వంచుకుంది. నోరు రాలేదు. నిజమే. ఉందనడానికీ లేదనడానికీ లేచే నోరు ఆ ఒక్క మాట దగ్గర పడిపోయింది.

"నా పెళ్ళాం తాళి అమ్మి రొయ్యపిల్లను దింపిన గుంట ఇది!" అని పెంచలయ్య అరిచాడు. ఇంకా ఏదో అనబోయాడు. అనలేదు. మెడలో తువ్వాలు తీసి మంచం మీద విసిరికొట్టి, లుంగీ ఎగగట్టి, గట్టు మీద పరిగెత్తాడు. నాలుగో మూల దగ్గర దబ్బున నీళ్ళలోకి దిగాడు.

లేదు అన్నంతసేపూ మంచం మీద కాళ్ళు చాపుకున్న మనిషి, తెలీదు అనగానే ఛాతీ లోతు నీళ్ళలో ఉన్నాడు.

కాళ్ళతో అడుగున వెతికాడు. ఒకసారి మునిగాడు, పైకొచ్చి ఊపిరి పీల్చుకుని మళ్ళీ మునిగాడు. చివరికి పెంచలయ్య రెండు చేతులతో ట్రేను ఎత్తాడు. నీళ్ళు కారిపోయాయి.

పొద్దున వేసిన మేత చాలావరకు అట్లాగే ఉంది, నాని, ఉబ్బి. దాని మధ్యలో అయిదారు రొయ్యలు. ఎగరడం లేదు. పెంచలయ్య ఒకదాన్ని చేతిలోకి తీసుకుని ఎండకు పెట్టి చూశాడు. తలడిప్ప మీద తెల్లటి చుక్కలు, సున్నం చల్లినట్టు.

పెంచలయ్య ఊరంతా వినబడేట్టు కేకేశాడు.

"వలలు తెండిరా! వలలు!"

మస్తాన్ సార్ అప్పటికే ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఐసు బండివాడితో మాట్లాడుతున్నాడు. అవతలివాడు బెట్టు చేస్తున్నట్టున్నాడు. అంత మెత్తటి మనిషి గొంతు అంత కరుకుగా మారడం హైమ ఆ రోజే విన్నది.

"ఎంత దూరం పొయినావో నాకు చెప్పబాక. తిప్పు. తప్పు మాది. తిట్టేదుంటే వచ్చి నన్ను తిట్టు. ముందు బండి తిప్పు."

పొద్దు వాలేదాకా రొయ్యల పట్టుబడి సాగింది. పక్క గుంటలవాళ్ళు వచ్చి తలా ఒక చెయ్యి వేశారు. మూడు మూలల రొయ్య ఇంకా గట్టిగానే ఉంది. నాలుగో మూలది పోయింది. హైమ కూడా నీళ్ళలో దిగి బుట్టలు అందించింది. ఎవరూ దిగమనలేదు, దిగొద్దనీ అనలేదు. పెంచలయ్య మాత్రం ఆమె ముఖం చూడలేదు. బండి నిండి కదిలేముందు ఒక్కసారి తిరిగాడు.

"ఇంగో పూట ఆగుంటే తుడిచిపెట్టుకుని పొయ్యేది" అన్నాడు.

తిట్టో, క్షమించడమో ఆమెకు అర్థం కాలేదు. అతనికీ అర్థమై అన్న మాట కాదు అది.

మర్నాడు పొద్దున హైమ ల్యాబ్‌కు వచ్చేసరికి సార్ వాకిట్లో కూర్చుని టీ తాగుతున్నాడు. ఆమె కళ్ళు వాచి ఉన్నాయి. కోపం మాత్రం పోలేదు. అయితే అది ఇప్పుడు ఎవరి మీదో ఆమెకే తేలడం లేదు, అందుకని దగ్గర్లో ఉన్నాయన మీదే పెట్టింది.

"మీకు ముందే తెలుసు గదా సార్. మొదటిసారి కోడ్ చూసినప్పుడే. ఎన్‌లు తీసెయ్యబాక అని ఒక్క ముక్క రాసుంటే ఏం పొయ్యేది?"

"రాసుంటే ఏం చేసేదానివి?"

"ఆ లైను మార్చేదాన్ని."

"అవును. లైను ఒక్కటే మార్చేదానివి" అన్నాడు సార్.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. ఈసారి గొంతులో కరుకుదనం ఉంది. అది ఆమె మీద కాదు.

"గుంట పొయుంటే నీ వల్ల పొయుండేది కాదమ్మా. నా వల్ల. నీ చేతివేగం చూసి మురిసిపోయి, కూర్చోబెట్టి చదివించకుండా వదిలేసింది నేను. దానికి రాత్రంతా నన్ను నేను తిట్టుకుంటానే ఉండా. నువ్వు కూడా తిట్టు, పడతా."

తిట్టడానికి హైమ దగ్గర ఏమీ మిగల్లేదు. లోపలికి వెళ్ళింది. తన కోడ్ తెరిచింది. కాఫీ ఇప్పించుకున్న ఆ లైను దగ్గరికొచ్చి, కొద్దిసేపు చూసి, చెరిపేసింది. చెరిపి, మళ్ళీ రాయలేదు. పెంచలయ్య ఫైలును కాగితాల మీద ప్రింటు తీసుకుని వాకిట్లోకి వచ్చింది. సార్ ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. మొదటి అక్షరం మీద వేలు పెట్టింది.

"ఏ. టీ. టీ. జీ. సీ. ఏ..."

సార్ కళ్ళు మూసుకున్నాడు.

ఒక పేజీ అయింది. రెండు పేజీలయ్యాయి. ఒకచోట తొందరపడి ఒక అక్షరం మింగింది. ఆయన వేలెత్తాడు. ఆ లైను మళ్ళీ మొదటినుంచి చదివింది. గొంతు తడారుతోంది. మూడో పేజీ మధ్యలో వేలు ఆ చోటికి వచ్చింది.

"జీ. టీ. ఏ. తెలీదు."

ఆ మాట అలవాటు లేని నోట్లో రాయిలా తగిలింది.

"తెలీదు. తెలీదు. తెలీదు. తెలీదు..."

ఒకదాని తరవాత ఒకటి. ఏదీ దాటలేదు, ఏదీ మింగలేదు. లైను చివరిదాకా వెళ్ళి కింది లైనుకు వచ్చింది. అక్కడా అవే. తువ్వాలు విసిరికొట్టి గట్టు మీద పరిగెత్తిన మనిషి గుర్తొచ్చాడు. వేలు అక్షరం మీదే ఉంది, మాట మాత్రం రావడం లేదు.

మస్తాన్ సార్ కళ్ళు తెరవలేదు.

"ఆపబాకమ్మా" అన్నాడు. "ఇంకా శానా ఉండాయి."